మూడో సిలిండరు దాహం

చెప్పండి, ఏం చూశారు మీరు?

ఆ బుధవారం ఉదయం ఏడుంపావుకి పలాస దగ్గర హైవే మీద బస్సుల్లో, లారీల్లో, కార్లలో కొన్ని వందలమంది పోయి ఉంటారు. ఒక్కొక్కరినీ ఆపి అడిగితే ఏం చెబుతారు? రోడ్డు పక్క రేకుల షెడ్డు. ముందు బానెట్టు ఎత్తిన జీపు. తెల్లటి పొగ. బెంచీ మీద కాళ్ళు చాపుకుని కూర్చున్న లావుపాటి ముసలామె. అంతే కదా? బండి చెడింది, బాగుచేసుకుంటున్నారు అనుకుని పోయారు. ఆమె ముసలిది కాదు, నలభై తొమ్మిదేళ్ళు. అది లావు కాదు, వాపు. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయే వాపు. ఆ జీపు సాయంత్రం ఐదింటికి విశాఖపట్నం చేరకపోతే ఏమవుతుందో ఆ షెడ్డులో ఉన్న నలుగురికీ తెలుసు. మీకు తెలియదు. అందుకే చెప్పవలసి వస్తోంది.

మెకానిక్ బైరాగికి ఆ రోజు కూడా అన్ని రోజుల్లాగే మొదలైంది. ఆరున్నరకి షెడ్డు తాళం తీశాడు. గోనెపట్టా పరిచి పానాలు సైజులవారీగా పేర్చాడు. పక్కనే టీ కొట్టు పెట్టుకున్న రత్నాలమ్మ గ్లాసు అందిస్తూ, "ఏటి బైరాగీ, మొన్న పంపిన బండ్లేవీ మల్లీ రాలేదు కదా?" అని రోజూ ఆడే వేళాకోళమే ఆడింది.

"నా సేతిలోంచి ఎల్లిన బండి మల్లీ రాదు" అన్నాడతను. ఇరవై ఆరేళ్ళుగా అదే మాట. ఇచ్ఛాపురం నుంచి టెక్కలి దాకా జీపులవాళ్ళు ఆ మాట నమ్మే అతని దగ్గరికి వచ్చేవారు.

టీ సగం తాగాడో లేదో, జలంత్రకోట నరహరి జీపు ఆవిర్లు కక్కుకుంటూ వచ్చి షెడ్డు ముందు ఆగింది. ఆగడం కాదు, ఊపిరి అందక కూలబడినట్టు పడింది. మూడు రోజుల కిందట, ఆదివారం నాడు, ఇంజను పైభాగం, అంటే హెడ్డు, దింపి వాల్వులు రుద్ది మళ్ళీ ఎక్కించి బైరాగే పంపించిన జీపు అది.

నరహరి దిగీదిగకముందే అరిచాడు. "బావా! ఏటి సేసినావు దీనికి? ఊరి నుంచి ఇక్కడికొచ్చే లోపల రెండుసార్లు నీల్లు పోసినాను. మల్లీ వేడి ముల్లు ఎర్రలోకి ఎల్లిపోనాది!"

"కింద కారతన్నాదేటి?"

"సుక్క నేదు."

"సరిగ్గా సూసినావా? వంగి సూసినావా?"

"వంగడమేటి, పడుకుని సూసినాను. రాత్తిరి కింద అట్టముక్క పరిసి ఉంచినాను. పొద్దున్న అట్ట పొడిగా ఉన్నాది. నీల్లు మాత్తరం నేవు."

కింద కారకుండా నీళ్ళు మాయమయ్యాయంటే అర్థం ఏమిటో బైరాగికి తెలుసు. ఏ మెకానిక్కయినా తెలుసు. కానీ తెలిసినదాన్ని ఒప్పుకోవడానికి అతని నోరు రాలేదు. "రేడియేటరు మూత పోయుంటాది. నువ్వు సరిగ్గా బిగించుండవు" అన్నాడు. అంటూనే జీపు వెనక తలుపు తీశాడు. అక్కడ తలగడకి ఆనుకుని, నోరు తెరుచుకుని గాలి పీలుస్తూ బొడ్డమ్మ ఉంది. నరహరికి మేనత్త.

"తమ్ముడూ" అందామె. ఆ ఒక్క మాటకే రెండుసార్లు ఊపిరి తీసుకుంది.

బొడ్డమ్మ ఇరవయ్యేళ్ళు పలాసలో జీడిపిక్కలు కొట్టింది. తర్వాత మూత్రపిండాలు పోయాయి. పలాస చుట్టూ ఉన్న ఈ ఉద్దానంలో అవి ఎందుకు పోతాయో ఎవరూ తేల్చి చెప్పరు. నీళ్ళంటారు, మందులంటారు, ఎండంటారు, సీసాలలో నీళ్ళు పట్టుకెళ్ళి పరీక్షిస్తామంటారు, మళ్ళీ కనిపించరు. మనుషులు మాత్రం ఇంటికొకరు చొప్పున పోతూనే ఉన్నారు. ఆమెకు వారానికి రెండుసార్లు విశాఖలో మిషను మీద రక్తం కడగాలి. బుధవారం, శనివారం ఆమె వంతు. శనివారం వంతు తప్పిపోయింది. జీపు ఈ షెడ్డులోనే హెడ్డు విప్పి ఉంది కాబట్టి తప్పిపోయింది. రైల్లో తీసుకెళదామని నరహరి ఆమెను స్టేషను దాకా మోసుకొచ్చాడు. జనరల్ పెట్టెలో కాలు పెట్టే చోటు లేదు. ఆమె ఆయాసంతో ప్లాట్‌ఫారం మీదే కూలబడిపోయింది. ఇప్పటికి వారం రోజులు. లోపలికి పోయిన ప్రతి చుక్కా లోపలే ఉంది. ఈ వంతు కూడా తప్పితే ఆ నీరు ఊపిరితిత్తుల్లోకి ఎక్కుతుందని డాక్టరు ముందే చెప్పాడు.

తలగడకి ఆనుకుంటే తప్ప ఊపిరాడని మనిషి అంత దూరం బస్సులో పోలేదు. ఇంకో బండి మాట్లాడుకోవచ్చు కదా అంటారు మీరు. ఆ రోజు టెక్కలిలో ఒక పెద్ద సభ. పలాస నుంచి సోంపేట దాకా ఉన్న జీపులూ వ్యానులూ తెల్లవారకముందే జనాన్ని తోలడానికి పోయాయి. ఎవరో వచ్చి ఏదో చెబుతారట, వినడానికి బళ్ళు కావాలి. చావబోయే మనిషిని ఎక్కించుకోవడానికి బండి లేదు.

నరహరి, రత్నాలమ్మ చెరో పక్కా పట్టుకుని బొడ్డమ్మను దింపి బెంచీ మీద కూర్చోబెట్టారు. బెంచీ ఇంజనుకి నాలుగు అడుగుల దూరంలో ఉంది.

బైరాగి గోనెగుడ్డ వేసి రేడియేటరు మూత మెల్లగా తిప్పాడు. ఆవిరి బుస్సున లేచింది. అది చల్లారేలోగా బిందెలోంచి రెండు గ్లాసుల నీళ్ళు తాగాడు. చల్లారాక నీళ్ళు నింపి, "స్టార్టు చెయ్" అన్నాడు.

ఇంజను అందుకుంది. బైరాగి రేడియేటరు గొంతులోకి చూశాడు. నీటిలో బుడగలు. ఒకటీ రెండూ కాదు, అన్నం ఉడికినట్టు బుడగలు. చల్లారి అప్పుడే అందుకున్న ఇంజను నీళ్ళను మరిగించదు. అది గాలి. సిలిండరులో మండిన గాలి, హెడ్డుకీ కింది బ్లాకుకీ మధ్య నొక్కిపట్టి ఉండే పల్చటి రేకు, గ్యాస్‌కెట్టు, దాటి, నీళ్ళ దారిలోకి వస్తోంది. ఇంజను ఆపినప్పుడు అదే దారిన నీళ్ళు సిలిండరులోకి పోతున్నాయి. అట్టముక్క పొడిగా ఉండక ఏం చేస్తుంది?

ఆయిలు పుల్ల తీసి చూశాడు. నల్లగానే ఉంది, పాలలా తిరగలేదు. ఆయిల్లోకి నీరు పోలేదు, అదొక్కటే నయం.

"మూడోది" అంది బొడ్డమ్మ బెంచీ మీంచి.

"ఏటప్పా?"

"మూడోది తాగతన్నాది. ముందు నుంచి మూడోది. మిగతావి తాగట్లేదు. వాటికి దాహం నేదు."

ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఆశ్చర్యపోవడానికేముంది? రోజుకు మూడు గ్లాసుల నీరే తాగాలని డాక్టరు రాసిన నాటి నుంచి, తన దగ్గర్లో ఏది నీరు తాగినా ఆ రుచి బొడ్డమ్మ నాలుక మీదికి వచ్చేది. దాహం తీరేది కాదు, రుచి మాత్రమే. జలంత్రకోటలో భూమిలో పైపు పగిలితే ఆమెను మంచం మీద మోసుకెళ్ళి, "ఎక్కడ తాగతన్నాదో సెప్పత్తా" అని అడిగేవారు. ఆమె చెప్పిన చోట తవ్వేవారు. పాలు పోసే సన్యాసయ్య ఆమె వాకిలి ముందు నుంచి పోవడం మానేసి చుట్టూ తిరిగి వెళ్ళేవాడు, ఏ బావి నీళ్ళు కలిపాడో పేరుతో సహా చెప్పేస్తుందని. పెళ్ళి భోజనాలకు ఆమెను పిలిచేవారు కానీ పందిరికి దూరంగా కూర్చోబెట్టేవారు. ఒకసారి మూడు వందలమంది మజ్జిగ తాగేసరికి ఆమెకు సాయంత్రం దాకా ఎక్కిళ్ళు ఆగలేదు.

బైరాగి మాత్రం, "నా పద్దతిలో నాను సూసుకుంటాను" అన్నాడు. ఇంజను ఆడుతుండగానే డీజిలు పోసే గొట్టాల నట్లు ఒక్కొక్కటే వదులు చేశాడు. మొదటిది వదులు చేస్తే ఇంజను తడబడింది, బుడగలు ఆగలేదు. రెండోది, అంతే. మూడోది వదులు చేశాడు. ఆ సిలిండరు మండడం ఆగింది. రేడియేటరులో నీరు నున్నగా, కదలకుండా నిలబడింది. మళ్ళీ బిగించాడు. మళ్ళీ బుడగలు.

నరహరి అతని ముఖంలోకి చూస్తున్నాడు. రత్నాలమ్మ చూస్తోంది.

"గ్యాస్‌కెట్టు పోనాది" అన్నాడు బైరాగి. ఆ మాట అతని నోట్లోంచి బరువుగా వచ్చింది.

"కొత్త గ్యాస్‌కెట్టు ఎలగ పోద్ది బావా? మూడు రోజులే కదా అయినాది!"

"నువ్వు నీల్లు లేకండా తోలుంటావు. వేడికి పోయుంటాది. ఇప్పుడు హెడ్డు దింపితే మద్దేన్నమైపోతాది. రెండు సెంచాలు పసుపేసి నీల్లు నింపుతాను. సిన్న కంతలైతే పసుపు మూసేస్తాది. పాతిక కిలోమీటర్లకోపాలి ఆపి నీల్లు పోసుకుంటా ఎల్లిపో. విశాకపట్నం దాకా ఆగుతాది."

"ఆగపోతే?"

బైరాగి రేడియేటరు మూత చేతిలోకి తీసుకున్నాడు. రత్నాలమ్మ కొట్లోకి వెళ్ళి పసుపు డబ్బా తెచ్చింది కూడా.

అప్పుడు బొడ్డమ్మ నాలుకను పై పళ్ళకి రుద్దుకుంది. ఏదో చేదు మింగినట్టు ముఖం పెట్టింది. "బైరాగీ, ఇలగరా" అంది.

అతను దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు.

"అది తాగతన్న నీటిలో ఇంకోటి ఉన్నాది. నాలిక మీద మండతన్నాది. పిక్క నూనె." ఆమె తన చేతులు రెండూ తిప్పి చూపించింది. ఇరవయ్యేళ్ళ జీడి నూనెకి వేళ్ళు నల్లబడి, చివర్ల గీతలు కూడా చెరిగిపోయి ఉన్నాయి. రేషను కార్డుకి వేలిముద్ర వేయిస్తే మసి తప్ప ఏమీ పడదు. "ఇది నాకు తెల్వని రుచి కాదు తమ్ముడూ. ఇంజన్లోకి పిక్క నూనె ఎలగొచ్చింది?"

రోడ్డు మీద సభకి పోయే లారీ ఒకటి జనం కేకలతో దాటిపోయింది.

ఆ నూనె ఎలా వచ్చిందో బైరాగికి తప్ప ఎవరికీ తెలియదు. చిన్నప్పుడు బారువ ఒడ్డున పడవలకు జీడిపిక్కల నూనె పూయడం అతను చూశాడు. ఆ పూత పూసిన చెక్కలోకి సముద్రం కూడా దూరేది కాదు. సముద్రాన్నే ఆపింది ఇంజన్లో నీటిని ఆపదా అనుకున్నాడు. పదేళ్ళ కిందట ఒక పాత లారీ గ్యాస్‌కెట్టుకి కాచిన పిక్క నూనె పల్చగా పూసి బిగించాడు. నిలిచింది. ఇంకోదానికి పూశాడు. నిలిచింది. బైరాగి పూత అని పేరొచ్చింది. ఆ పూత దేనితో చేస్తాడో ఎవరికీ చెప్పలేదు. ఊదారంగు సీసాలో పెట్టి, తాళం వేసి ఉంచేవాడు. మొన్న ఆదివారం నరహరి నెత్తిమీద కూర్చుని, "బేగి బావా, బేగి, శనోరం ఎలాగా పోనాది, బుధవారమైనా ఎల్లాలి" అని తొందరపెడుతుంటే, రోజూ పూసేదానికన్నా దండిగా పూశాడు. ఎక్కువ పూస్తే ఎక్కువ ఆగుతుందనుకున్నాడు.

ఇప్పుడు ఆ బెంచీ పక్కన గొంతుక్కూర్చుని, ఆ నూనె ఎక్కడికి పోయి ఉంటుందో ఒక్కసారిగా కళ్ళకు కట్టినట్టు చూశాడు. బోల్టు కన్నాల్లోకి జారింది. హెడ్డు బోల్టు కన్నాలకి అడుగున దారి ఉండదు. నూనె నిండిన కన్నంలో బోల్టు తిప్పితే, కింద నూనె అణగదు, ఎటూ పోదు. పానా బిగుసుకుంటుంది. చేతికి గట్టిగా తగులుతుంది. బోల్టు బిగిసిందని తను అనుకున్నాడు. బిగిసింది నూనె. హెడ్డు మీద పట్టు పడనే లేదు.

పసుపు డబ్బా రత్నాలమ్మ చేతిలోనే ఉంది. ఒక్క మాట, "నీ నోరు సేదుగా ఉన్నాదప్పా, జొరమేమో" అంటే సరిపోయేది. పసుపు వేసి పంపేస్తే రణస్థలం దగ్గరో, తగరపువలస దగ్గరో జీపు ఆగేది. అప్పుడు ఎవరు చూడొచ్చారు? డ్రైవరుదే తప్పనేవారు.

బైరాగి లేచి నిలబడ్డాడు. బొడ్డమ్మ ఎగబీల్చే ఊపిరి షెడ్డు రేకులకి తగిలి మళ్ళీ అతని చెవిలోకే వస్తోంది.

"నానే పూసినాను" అన్నాడు నరహరికేసి చూసి. "గ్యాస్‌కెట్టుకి పిక్క నూనె పూసినాను. అది బోల్టు కన్నాల్లోకి దిగిపోనాది. తప్పు బండిది కాదు, నీది కాదు. శనోరం వంతు పోటానికీ నానే, ఇప్పుడీ గతికీ నానే."

నరహరి చెయ్యెత్తాడు. నిజంగానే ఎత్తాడు. రత్నాలమ్మ మధ్యలోకి వచ్చి, "కొట్టుకోడానికి టైమున్నాదేట్రా? ఎనిమిదైపోనాది! ఆడి సెయ్యి ఇరిగితే ఈ బండి ఎవుడు బాగుసేత్తాడు, నీ బాబా?" అని గట్టిగా కసిరింది. నరహరి చెయ్యి దించి, ఆ చేత్తోనే జీపు రేకు మీద గుద్దాడు.

"పదకొండున్నరకి బండి రోడ్డెక్కాల" అన్నాడు బైరాగి. "నువ్వు కాశీబుగ్గ ఎల్లి గ్యాస్‌కెట్టు తెచ్చీ. సీలు ఉన్నదే తే. రత్నాలప్పా, నువ్వొక పల్లెం తే, నట్లు అందులో వరసగా పెట్టు. కలిపీకు."

నరహరి రత్నాలమ్మ కొడుకు సైకిలేసుకుని పరుగెత్తాడు. బైరాగి నీళ్ళు దింపాడు, గొట్టాలు విప్పాడు, పొగగొట్టం వదులు చేశాడు. ఆడించి చూసినందుకు ఇంజను మళ్ళీ వేడెక్కి ఉంది. వేడి మీద హెడ్డు విప్పితే వంకర తిరుగుతుంది. ఎంత తొందరున్నా చల్లారేదాకా ఆగాలి. ఆ ముప్పావుగంట ఆగడమే ఆ రోజుకి అన్నిటికన్నా కష్టమైన పని. తడిగుడ్డ వేసి చల్లార్చకూడదు, ఊదకూడదు. నిలబడి చూడాలి, అంతే. బొడ్డమ్మ కూడా నిలబడినంత నిటారుగా కూర్చుని చూస్తోంది, పడుకుంటే ఊపిరాడదు కాబట్టి.

"ఇంకెంతసేపురా?" అంది.

"సెయ్యి పెట్టి పదంకెలు లెక్కెట్టగలిగే దాకా అప్పా."

"నాకు అంకెలొచ్చినట్టే సెప్తన్నావు" అంది ఆమె. నవ్వబోయి దగ్గింది.

తొమ్మిదింటికి హెడ్డు పైకి లేచింది. గ్యాస్‌కెట్టు మీద మూడో సిలిండరు దగ్గర, నీటి కన్నం దాకా, వేలెడు మేర నల్లటి చార. బైరాగి అనుకున్నట్టే బోల్టు కన్నాల్లో జిగట. కిరసనాయిలు పోసి గుడ్డ చుట్టిన పుల్లతో తిప్పాడు. గుడ్డ నల్లబడింది కానీ జిగట కదల్లేదు. ఇంజను వేడికి అది సగం లక్కలా గట్టిపడిపోయింది. ఇంకా కిరసనాయిలు పోశాడు. గడియారం తొమ్మిదిన్నర దాటింది. అతని మెడ మీద చెమట ధార కట్టింది.

"కిరసనాయిలికి అది లొంగదురా" అంది బొడ్డమ్మ. "మేం కత్తులు ఎలగ కడిగీవాలమో తెల్దేటి? సాకలి సోడా ఏసి నీల్లు మరిగించు. సలసలా కాగినవి పొయ్యి. అది ఇరిగిపోద్ది."

రత్నాలమ్మ టీ గిన్నె పక్కన పెట్టి పొయ్యి మీద నీళ్ళు పెట్టింది. టీకి వచ్చిన ఇద్దరు లారీవాళ్ళతో "ఇయ్యాల టీ నేదు, ఇంజనుకి కాత్తన్నాం" అంది. మరిగిన సోడా నీళ్ళు కన్నాల్లో పోశారు. గోధుమరంగు నురగ పొంగింది. బైరాగి తీగతో కెలికాడు, మళ్ళీ పోశాడు, మళ్ళీ కెలికాడు. తర్వాత మంచినీళ్ళతో కడిగాడు. పక్క పంచరు షాపు నుంచి గాలి గొట్టం లాగి ఒక్కొక్క కన్నంలోకీ ఊదాడు. తెల్లగుడ్డ పెట్టి తిప్పి తీస్తే తెల్లగానే వచ్చేదాకా వదల్లేదు. ఎన్ని కన్నాలుంటే అన్నిసార్లు.

స్కేలు నిలబెట్టి, కింద సన్నరేకు దూర్చి, హెడ్డు వంకర తిరిగిందేమోనని చూశాడు. మూలలా, మధ్యలో, అడ్డంగా. రేకు దూరలేదు. ఊపిరి వదిలాడు. వంకర ఉండుంటే లేతు మిషనుకి పంపాలి, ఇక ఆ రోజుకి అయిపోయినట్టే.

నరహరి తెచ్చిన కొత్త గ్యాస్‌కెట్టు పెట్టాడు. ఏ పూతా లేదు. పొడిగా, వచ్చింది వచ్చినట్టుగా. దాన్ని అలా పెట్టడం పదేళ్ళలో అదే మొదలు. ఇద్దరూ కలిసి హెడ్డు దించారు. బైరాగి పెట్టెలోంచి గుడ్డలో చుట్టి ఉన్న అంకెల పానా తీశాడు. ఎంత బలంతో బిగించాడో ముల్లు చూపించే పానా అది. కొన్నాడు గానీ ఎప్పుడూ వాడలేదు, తన చెయ్యే మీటరు అనేవాడు. ఇప్పుడు చెయ్యిని నమ్మలేదు. మధ్యలో బోల్టుతో మొదలుపెట్టి, ఎడమొకటి, కుడొకటి, బయటివైపుకి పోతూ మూడు విడతలుగా బిగించాడు. మూడో విడతలో ముల్లు ఒక్కొక్క బోల్టు దగ్గరా అదే అంకె మీద ఆగింది.

ఆ సేపంతా బొడ్డమ్మ కళ్ళు అతని చేతుల మీదే ఉన్నాయి. మాట్లాడలేదు. పెదవులు కదిలినట్టయ్యి మళ్ళీ మూసుకునేవి. ఆయాసం అనుకున్నారంతా.

పదకొండు ముప్పావుకి ఇంజను అందుకుంది. బైరాగి రేడియేటరులోకి చూడలేదు. బొడ్డమ్మ ముఖంలోకి చూశాడు.

ఆమె నాలుక బయటపెట్టి, లోపలికి తీసుకుని, కాసేపు ఆగింది. "ఏదీ తాగట్లేదు" అంది.

నరహరి అప్పుడు ఏడ్చాడు. బైరాగి నీళ్ళలోకి చూశాడు. బుడగ లేదు.

"నానూ వత్తాను" అన్నాడు బైరాగి. "వేడెక్కినాక బోల్టులు మల్లీ ఒకసారి సూడాల. టెక్కలి దాకా వచ్చి, బిగించి, బస్సెక్కి వచ్చేత్తాను." ఇన్నాళ్ళూ ఆ రెండోసారి బిగించే పని అతను ఎగ్గొట్టేవాడు, పూత ఉండగా ఎందుకని. ఆ సంగతి కూడా దారిలో నరహరికి చెప్పేశాడు. నరహరి రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, "ఇంకేటైనా ఉన్నాదా బావా, సెప్పడానికి?" అన్నాడు. "నేదు" అన్నాడు బైరాగి.

టెక్కలిలో సభకి వచ్చిన బళ్ళు రోడ్డు రెండువైపులా నిలిచిపోయి ఉన్నాయి. వాటిని దాటి ఒక సోడా బండి దగ్గర నీడలో ఆగారు. మైకులో ఎవరో ఉద్దానానికి మంచినీళ్ళు ఇస్తామంటున్నారు. బైరాగి పై మూత తీసి, అదే వరసలో, ఒక్కొక్క బోల్టూ మళ్ళీ చూశాడు. రెండు బోల్టులు పావు వంతు తిరిగాయి. మిగతావి కదల్లేదు. మూత పెట్టి, చేతులు తుడుచుకుని, సోడా బండివాడి కుండలోంచి చెంబు ముంచి గటగటా తాగాడు.

"బైరాగీ" అంది బొడ్డమ్మ జీపులోంచి. "అయిపోనాదా? ఇంకేటీ సెయ్యక్కర్లేదా బండికి?"

"అయిపోనాదప్పా. ఇంక ఎక్కడా ఆగక్కర్లేదు. నాను బస్సెక్కుతాను."

"బస్సెక్కీకు. జీపెక్కు."

"ఏల?"

ఆమె ఊపిరి కూడగట్టుకుంది. "నువ్వు తాగిన నీరు నీ ఒంట్లో ఆగిపోతన్నాది. అడుగున ఇనపముక్క నానేసిన రుచి. మూడేల్ల కిందట, కాల్లు వాయకముందు, నాను తాగిన నీల్లకి ఇదే రుచి. అప్పుడు నాకు తెల్లేదు అదేటో. ఇప్పుడు తెలుసు."

బైరాగి చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. ఏడాదిగా నడుం నొప్పి. జీపుల కింద పడుకుంటాం కదా అనుకున్నాడు. రాత్రిళ్ళు నాలుగుసార్లు లేవడం. వయసు అనుకున్నాడు.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"పొద్దున్నే. నాను బెంచీ మీద కూకున్న కాసేపటికే, నువ్వు బిందెలోంచి రెండు గలాసులు తాగినావు సూడు, అప్పుడే."

"పొద్దున్నే తెలిసిందా?" అతని గొంతు లేచింది. సోడా బండివాడు తిరిగి చూశాడు. "నాలుగ్గంటలు నా ఎదురుగా కూకుని, నోరు మూసుకున్నావా? సాకలి సోడా సెప్పడానికి ఊపిరున్నాది, ఇది సెప్పడానికి నేదా?"

"ఉన్నాది" అంది బొడ్డమ్మ. చూపు దించలేదు. "సెప్తే నీ సెయ్యి ఒనుకుతాది. పని ఒగ్గీసి ఇంటికెల్లి మంచమెక్కినా ఎక్కుతావు. అప్పుడు నాను ఈ బండి ఎలగెక్కుతాను? నాకు బతకాలనున్నాది బైరాగీ. నీ కన్నా నాకు తొందర."

నరహరి స్టీరింగు పట్టుకుని ముందుకే చూస్తున్నాడు. మైకులో చప్పట్లు మోగాయి. పలాస పోయే బస్సు వచ్చి ఆగింది, కండక్టరు కేకవేశాడు. బైరాగి ఆ బస్సుకేసి చూశాడు. అది కదిలిపోయేదాకా చూశాడు. తర్వాత చెంబు కుండ మీద బోర్లించి, జీపు వెనక ఎక్కి, బొడ్డమ్మకి ఎదురుగా కూర్చున్నాడు. విశాఖపట్నం దాకా ఇంజను ముల్లు మధ్యలోంచి కదల్లేదు.

ఐదుకి పది నిమిషాలుండగా బొడ్డమ్మ మిషనెక్కింది. మర్నాడు ఉదయం బైరాగి పరీక్షకి రక్తం ఇచ్చాడు. మూత్రపిండాల పని సగం పోయిందని, సగం ఉందని, ఇంకో రెండేళ్ళు తెలియకుండా ఉంటే ఈమెలాగే మోసుకొచ్చేవారని డాక్టరు అన్నాడు. బొడ్డమ్మ ఆ తర్వాత పద్నాలుగు నెలలు బతికింది. బైరాగి ఇప్పటికీ ఆ షెడ్డులోనే ఉన్నాడు. ఉప్పు మానేశాడు, మందులు మింగుతాడు, మిషను దాకా పోలేదు. ఆమె మాటెత్తితే, తనని బతికించింది ఆమే అని ఒకరోజు అంటాడు. ఇంకోరోజు, నాలుగ్గంటలు నన్ను పానా కింద బోల్టులాగ వాడుకుంది అని పళ్ళు కొరుకుతాడు. రెండూ నిజమే.

ఆ బెంచీ మీద, లోపల నీరు గుండె దాకా ఎక్కుతుండగా, మీ ప్రాణం ఆ మనిషి చేతుల నిలకడ మీద ఆధారపడి ఉండగా, మీరు కూర్చుని ఉంటే, అతని ఒంట్లో సంగతి ఎనిమిదింటికే చెప్పేవారా?